గో విష్ కార్డులు: జబ్బు ముదిరినప్పుడు నోరు విప్పించే పేక

పెద్ద జబ్బు వచ్చిన ఇంట్లో మాటలకు కరువుండదు. "నీకేం కాదు", "ధైర్యంగా ఉండు", "అలాంటి మాటలు నోట రానీయకు" అంటూ వచ్చినవాళ్లంతా ఏదో ఒకటి చెప్పి వెళ్తారు. ఆ మూడో మాటతో జబ్బుమనిషి నోరు మూతపడుతుంది. కాలిఫోర్నియాకు చెందిన కోడా అలయన్స్ అనే సంస్థ తయారుచేసిన గో విష్ పేక పనికొచ్చేది అక్కడే. చావు మాట ఎత్తే బాధ్యత మనిషి మీద కాకుండా కార్డు మీద పడుతుంది.

పేకలో 36 కార్డులు. 35 మీద చివరి రోజుల్లో మనిషి కోరుకునేవి ఒక్కో చిన్న వాక్యంగా ఉంటాయి: నొప్పి లేకుండా ఉండాలి, నన్ను శుభ్రంగా ఉంచాలి, ఇంటివాళ్లకు భారం కాకూడదు, మెషీన్లకు తగిలించకూడదు, నా భయాలు చెప్పుకోగలగాలి, ఇలాంటివి. మిగిలిన ఒకటి వైల్డ్ కార్డు. పేకలో లేని కోరిక ఏదైనా ఉంటే దాన్ని ఆ కార్డుకు ఇచ్చుకోవచ్చు. "పోరాడాలి, గెలవాలి" తరహా వాక్యాలు లేకపోవడం మంచిదైంది. ఆ భాషలో మాట్లాడితే, జబ్బు ముదిరినప్పుడు తప్పంతా జబ్బుమనిషిదే అన్నట్టవుతుంది.

వాడటం తేలిక. ఒక్కో కార్డు చదివి చాలా ముఖ్యం, కొంత ముఖ్యం, ముఖ్యం కాదు అని మూడు కుప్పలు వేయాలి. తర్వాత మొదటి కుప్పలోంచి పది ఏరి వరుసగా పేర్చాలి. అసలు మాటలు బయటికొచ్చేది పదికి కుదించేటప్పుడే. "నొప్పి లేకుండా ఉండాలి", "తెలివితో ఉండాలి" అనేవి పక్కపక్కన పడితే చెయ్యి ఆగుతుంది. ఒక కార్డు పైకి జరుగుతుంది, మళ్లీ కిందికొస్తుంది. అప్పుడు తొందరపెట్టకూడదు. గట్టి నొప్పికి ఇచ్చే మార్ఫిన్ మందు మొదలెట్టిన కొత్తలో మగత ఉంటుంది, చాలామందికి కొద్ది రోజుల్లో తగ్గుతుంది. ఇది తెలియక, మందు వేసుకుంటే మత్తులో పడిపోతామని నొప్పి ఓర్చుకునేవాళ్లున్నారు. కాబట్టి ఆ రెండు కార్డుల దగ్గర తటపటాయిస్తే, డాక్టర్‌ను అడగాల్సిన ప్రశ్న దొరికినట్టే.

మెషీన్ల కార్డును మాత్రం ఉన్నదున్నట్టు తీసుకోవద్దు. ఒకరికది వెంటిలేటర్, ఇంకొకరికి డయాలసిస్, మరొకరికి ముక్కు దగ్గర పెట్టే ఆక్సిజన్ గొట్టం కూడా. "ఏ మెషీన్? కొద్ది రోజులకైతే ఒప్పుకుంటారా?" అని విడదీసి అడగాలి. ఈ పేకకున్న పెద్ద లోపం ఇదే. వాక్యాలు పొట్టివి కాబట్టి చదవడం తేలిక, అపార్థం చేసుకోవడమూ అంతే తేలిక.

రెండు పేకలుంటే జంటగా ఆడే పద్ధతి ఇంకా బాగుంటుంది. జబ్బుమనిషి తన వరుస తాను పేర్చుకుంటారు. చూసుకునేవాళ్లు ఆయన ఏం ఎంచుకుంటారో ఊహించి తమ పేక పేరుస్తారు. తర్వాత రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే, కలవని కార్డులే పనికొచ్చేవి. భార్య "మెషీన్లు వద్దు" పైన పెట్టిన చోట ఆయన "ఇంటివాళ్లకు భారం కాకూడదు" పెట్టి ఉండొచ్చు. పని చెడేది సరిగ్గా ఇక్కడే. "భారమేంటండీ, అలా అనొచ్చా!" అని ఆవిడ ఓదారుస్తారు. ప్రేమతో అన్న మాటే, కానీ ఆయన ఇక దాని ఊసెత్తరు. "భారమంటే మీ మనసులో ఉన్నది డబ్బా, రాత్రుళ్లు నేను మేలుకోవడమా?" అంటే మాట సాగుతుంది. "ఇదెందుకు పైన పెట్టారు?" అన్నా సంజాయిషీ అడిగినట్టుంటుంది. "దీని గురించి ఇంకొంచెం చెప్పండి" అనడం మేలు.

నొప్పి మందు పనిచేస్తూ, మనిషి తేటగా ఉన్న వేళ చూసి కూర్చోండి. రిపోర్టు చెడుగా వచ్చిన రోజు వద్దు. తికమకగా మాట్లాడుతుంటే అసలే వద్దు. కీమో వల్ల వేళ్లు తిమ్మిరెక్కినవాళ్లు కార్డులు విడదీయలేరు, ఒక్కోటి పట్టుకుని చూపించాలి. గొంతులో ట్యూబ్ ఉండి మాట రానివాళ్లు కుప్ప వైపు వేలు చూపిస్తే చాలు. అలసిపోతే కుప్పల దగ్గర ఆపి, వరుస సంగతి మర్నాడు చూసుకోవచ్చు. ఇంగ్లీషు కార్డులను తెలుగులో చదివి వినిపించేట్టయితే 35 వాక్యాలూ ముందే రాసి పెట్టుకోండి. అప్పటికప్పుడు చెప్పబోతే చావు మాట దగ్గర నాలుక తడబడి, వాక్యం మెత్తబడిపోతుంది.

తేలిన పదింటిని ఫోటో తీసి, తేదీ వేసి, డాక్టర్‌కూ నర్సుకూ చూపించండి. ఇది చట్టానికి నిలిచే కాగితం కాదు. ఫలానా చికిత్స వద్దనే నిర్ణయాలు విడిగా, పద్ధతి ప్రకారం రాయాల్సిందే. ఆసుపత్రిలో చేరి వచ్చాకో, మందులు మార్చాకో మళ్లీ పేరిస్తే వరుస మారవచ్చు, పాత ఫోటోనే పట్టుకుని కూర్చోవద్దు.

కార్డులు ముట్టనన్నవాళ్లను బలవంతపెట్టకండి. వైల్డ్ కార్డు ఒక్కటి చేతికిచ్చి "దీని మీద మీరైతే ఏం రాస్తారు?" అని అడిగి చూడండి. దానికీ వద్దంటే పేక తీసి పక్కన పెట్టేయడమే.