జర్మన్ కాక్‌పిట్‌కు రెండు సీసాలు చాలు: మిస్టర్ కలర్ 60, 116

రెండో ప్రపంచ యుద్ధం నాటి జర్మన్ ఫైటర్ల ప్లాస్టిక్ బొమ్మల కిట్లు కట్టేవాళ్లు లోపలి రంగుల కోసం పెద్ద పెద్ద సెట్లు కొనక్కర్లేదు. జపాన్ కంపెనీ జీఎస్‌ఐ క్రియోస్ అమ్మే మిస్టర్ కలర్ రంగుల్లో 60, 116 నంబర్లు తీసుకోండి. 60 అంటే ఆర్‌ఎల్‌ఎం (అప్పటి జర్మన్ విమానయాన శాఖ) రంగుల పట్టికలోని 02, 116 అంటే ఆర్‌ఎల్‌ఎం 66. సీసాలో ఉండేది 10 మిల్లీలీటర్లే అయినా, అసలు విమానంలో 48వ వంతుండే 1/48 స్కేలు కాక్‌పిట్‌కు ఎంత రంగు పడుతుంది గనక? చాలా కిట్లకు వస్తుంది.

ఏ సీసా తీయాలో విమానం తయారైన కాలం చెబుతుంది. 1940లో బ్రిటన్ మీదికి వెళ్లిన మెసర్‌ష్మిట్ 109 ఇ రకం అయితే కాక్‌పిట్ గోడలు 02. 1941 నవంబరులో జర్మన్ల రంగుల నియమావళి కొత్త కూర్పు వచ్చాక కాక్‌పిట్‌లు 66కు మారాయి. కాబట్టి తర్వాత వచ్చిన 109 జి రకం కడుతుంటే 66 వేసేయండి, సందేహం అక్కర్లేదు. అసలు టెన్షన్ అంతా మధ్యలో వచ్చిన 109 ఎఫ్‌తోనే. మొదట్లో వచ్చిన ఎఫ్‌లకు 02, తర్వాతి వాటికి 66. మీరు కడుతున్న విమానం ఎప్పుడు తయారైందో తేలేదాకా మూత తీయకండి. చక్రాలు ముడుచుకునే గూళ్లకు మాత్రం 66 వచ్చాక కూడా 02నే వాడారు. యుద్ధం చివర్లో చాలా భాగాలకు రంగే వేయకుండా వట్టి లోహంగా వదిలేశారు.

02 రంగు పట్టుకోవడం చాలా కష్టం. అది బూడిద రంగే, కాకపోతే లోపల కాస్త ఆకుపచ్చ దాగి ఉంటుంది. ఆ ఆకుపచ్చ ఒక్క పిసరు ఎక్కువైనా రంగు చెడిపోతుంది. వేరే కంపెనీ రంగు ఒకటి తెప్పిస్తే, మూత మీద 02 అనే ఉంది, లోపల మాత్రం పెసరపప్పు పొట్టు రంగు! మిస్టర్ కలర్ 60ని తెల్లటి ప్లాస్టిక్ చెంచా వీపు మీద కొట్టి, ఆరాక కిటికీ దగ్గర చూశాను. విడిగా చూస్తే బూడిద. పక్కన మామూలు బూడిద రంగు చెంచా పెట్టగానే ఆకుపచ్చ బయటపడింది. 02 అంటే అలాగే ఉండాలి.

నా 109 ఇ పక్కన నిలబెట్టింది 152వ స్క్వాడ్రన్ స్పిట్‌ఫైర్‌ని. 1940లో ఇంగ్లండ్‌లోని వార్మ్‌వెల్ నుంచి ఎగిరిన ఆ బ్రిటిష్ స్క్వాడ్రన్ పేరులో మా హైదరాబాద్ ఉంది, చిహ్నంలో నిజాం తలపాగా ఉంది. రెండింటి కనోపీలూ (కాక్‌పిట్ మీది గాజు మూతలు) తెరిచి పెట్టాను. స్పిట్‌ఫైర్ లోపలి ఆకుపచ్చ వేరు, జర్మన్ 02 వేరు అని ఎవరికైనా చూడగానే తెలిసిపోతుంది. ఇంకో లాభం, ఆ కాలపు 109ల పైభాగంలో 71 నంబరు ముదురు ఆకుపచ్చతో పాటు ఈ 02 కూడా మచ్చలుగా వేసేవాళ్లు. అదే సీసా బయటికీ పనికొచ్చింది.

116 నల్లబూడిద. రంగు సరిగ్గానే ఉంది, కానీ సీసాలో ఉన్నది ఉన్నట్టు కొడితే చిన్న స్కేలులో కాక్‌పిట్ చీకటి గుంతలా అయిపోయి స్విచ్చులూ మీటలూ ఏవీ కనిపించవు. పది చుక్కలకు రెండు చుక్కల లేత బూడిద కలపండి. అంచుల మీద ఇంకాస్త లేత రంగుతో పొడి బ్రష్ ఆడించండి. 109 జి కుడి గోడ మీద ఇంధనం గొట్టం పసుపు రంగులో ఉంటుంది, మధ్యలో పైలట్ చూసుకోవడానికి ఒక గాజు ముక్క. ముదురు 66 మీద ఆ పసుపు గీత పడితే కాక్‌పిట్‌కు ప్రాణం వస్తుంది. దయచేసి దాన్ని వదిలేయకండి.

మిస్టర్ కలర్ లాకర్ (ఘాటైన ద్రావకంతో చేసిన) రంగు. పలచన చేయడానికి దాని థిన్నరే కావాలి, వాసన ఘాటు, మాస్క్ లేకుండా ఎయిర్‌బ్రష్ (గాలితో రంగు చిమ్మే పరికరం) పట్టుకోవద్దు. మండే సరుకు కాబట్టి విమానంలో పంపడం కష్టం, పార్సిల్ నిదానంగా వస్తుంది. ఇంట్లో చిన్నపిల్లలుంటే నీళ్లతో పలచన చేసుకునే వయెహో కంపెనీ మోడల్ ఎయిర్ రంగులు నయం: 71.044 అంటే 02, 71.055 అంటే 66. డ్రాపర్ సీసా కావడంతో చుక్కలు లెక్కపెట్టి కలపడం తేలిక. బ్రష్‌తో వేసేవాళ్లు మాత్రం మొదటి పూత పూర్తిగా ఆరేదాకా ఆగండి, లేకపోతే రెండో పూతకు కిందిది లేచి వస్తుంది.