మెషీన్, బకెట్, డ్రై క్లీనింగ్: బట్ట మీది చీటీ చూస్తే ఏది మేలో తెలుస్తుంది

కొత్త బట్ట లోపలి కుట్టులో తెల్ల చీటీ ఒకటి ఉంటుంది. గుచ్చుకుంటోందని చాలామంది మొదటి రోజే కత్తిరించేస్తారు. కత్తిరించండి, కాకపోతే ముందు ఫోన్‌లో ఒక ఫొటో తీసుకోండి. దాని మీద గుర్తులు ఐదే, మామూలుగా ఇదే వరసలో ఉంటాయి: ఉతకడానికి తొట్టి, బ్లీచ్‌కి త్రికోణం, ఆరబెట్టడానికి చతురస్రం, తర్వాత ఇస్త్రీ పెట్టె, చివర డ్రై క్లీనింగ్ గుండ్రం. ఏ గుర్తు మీదైనా ఇంటూ గీత పడిందంటే ఆ పని చేయొద్దని.

ప్రతి గుర్తూ ఒక హద్దు. తొట్టిలో 40 అని ఉంటే ఆ బట్ట 40 డిగ్రీలదాకా తట్టుకుంటుంది, చన్నీళ్లలో ఉతికినా తప్పు లేదు. తొట్టి కింద గీత లేకపోతే మామూలు వాష్. ఒక గీత ఉంటే జెంటిల్, రెండుంటే డెలికేట్. గీతలున్న బట్టలు వేసినప్పుడు డ్రమ్ము సగానికి మించి నింపొద్దు, స్పిన్ తగ్గించాలి. తొట్టిలో చెయ్యి బొమ్మ ఉంటే చేత్తోనే, నీళ్లు 40 డిగ్రీలు దాటకూడదు.

చెన్నైలో ఆ అంకెతో ఒక చిక్కుంది. మే నెల మధ్యాహ్నం మేడమీది ట్యాంకు నీళ్లు కుళాయి తిప్పగానే కాగినట్టు వస్తాయి. మెషీన్‌లో ‘కోల్డ్’ నొక్కినా అది నీళ్లను చల్లబరచదు, కుళాయి ఏమిస్తే అదే తీసుకుంటుంది. తొట్టిలో 30 ఉన్న బట్టను ఆ పూట వేస్తే రంగు దిగొచ్చు, కాటన్ అయితే పొట్టి కూడా కావచ్చు. ఎండాకాలంలో అలాంటివాటిని తెల్లవారుజామునే ఉతికేయాలి. లేదంటే ముందురోజు రాత్రే బకెట్లలో నీళ్లు పట్టి ఉంచుకోవాలి.

ఇక మెషీన్లలో టాప్ లోడా, ఫ్రంట్ లోడా? తొట్టిలో 60 ఉన్న తువ్వాళ్లు, దుప్పట్లు, తెల్ల కాటన్ బట్టలు ఇంట్లో ఎక్కువైతే ఫ్రంట్ లోడే మేలు. దాన్లో హీటర్ ఉంటుంది. మన దగ్గరి టాప్ లోడ్‌లలో చాలావాటికి ఉండదు, అందుకే వాటిలో 60 అంకె అలంకారమే. ఫ్రంట్ లోడ్ బట్టల్ని ఎత్తి పడేస్తుంది, టాప్ లోడ్ నీళ్లలో తిప్పుతుంది. చున్నీలు, పొడుగు చేతుల కుర్తీలు తాళ్లలా మెలిపడేది ఈ తిప్పుడికే. వాటిని జిప్పున్న జాలీ సంచిలో వేస్తే ఆ బాధ చాలావరకు తప్పుతుంది. జీన్సు, టీషర్టులే ఎక్కువగా ఉండే ఇంటికి మాత్రం టాప్ లోడ్ చాలు, పని కూడా తొందరగా అయిపోతుంది.

బోరు నీళ్లు, లారీ నీళ్లు వాడే ఇళ్లలో ఇంకో లెక్క ఉంది. నీళ్లు ఎంత వేడెక్కితే హీటర్ మీద అంత సున్నం పేరుకుంటుంది. అక్కడ 60ని దుప్పట్లు, తువ్వాళ్లకే ఉంచుకుని, మిగతావి 30లోనో 40లోనో తిప్పేయండి. అప్పుడప్పుడు సున్నం తీసే డీస్కేలింగ్ పొడి వేసి ఖాళీ డ్రమ్ము నడపాలి. నల్లబట్టల మీద తెల్లచారలు కనిపిస్తే చాలామంది ఇంకో చెంచా సబ్బుపొడి వేస్తారు. ఆ చారలు చాలాసార్లు కరగని పొడివే. ఈ నీళ్లకు లిక్విడ్ డిటర్జెంట్ నయం.

బకెట్‌ను చిన్నచూపు చూడొద్దు. టీ నగర్ రంగనాథన్ వీధిలో కుప్పలుగా అమ్మే మెత్తటి రేయాన్ కుర్తీలకు ఇదే అన్నిటికన్నా మేలు. తడిస్తే రేయాన్ పోగు బలం బాగా తగ్గిపోతుంది. అప్పుడు మెలితిప్పి పిండితే చంక కుట్ల దగ్గర పోగులు జారిపోతాయి, అంచు ఒక పక్కకు సాగుతుంది. సగం బకెట్ చల్లటి నీళ్లలో ఒకటిన్నర చెంచా లిక్విడ్ కలిపి, తిరగేసిన కుర్తీని పది నిమిషాలకు మించకుండా నానబెట్టండి. రుద్దకుండా అరచేత్తో నొక్కి వదలండి. రెండు మూడు నీళ్లు మార్చి జాడించాలి. ఉప్పునీళ్లయితే చివరి బకెట్లో రెండు చెంచాల వెనిగర్ వేస్తే సబ్బు జిడ్డు వదులుతుంది. పిండే బదులు పొడి తువ్వాలులో చుట్టి నొక్కితే చాలు.

త్రికోణం ఖాళీగా ఉంటే ఏ బ్లీచ్ అయినా సరే. లోపల రెండు ఏటవాలు గీతలుంటే వానిష్ లాంటి ఆక్సిజన్ రకమే వాడాలి, ఆలా లాంటి క్లోరిన్ రకం పనికిరాదు. సాగే లెగ్గింగులను క్లోరిన్ పసుపుపచ్చగా మార్చేస్తుంది, పట్టునూ ఉన్నినీ తినేస్తుంది.

డ్రై క్లీనింగ్ దగ్గర జనానికి అపోహలెక్కువ. గుండ్రంలో పి, ఎఫ్ అక్షరాలు ఏ ద్రావకం వాడాలో షాపువాళ్లకు చెప్పేవి, డబ్ల్యు అంటే నీళ్లతోనే నిపుణులు చేసే వాష్. మనం చూసుకోవాల్సింది తొట్టి మీద ఇంటూ ఉందా లేదా అన్నది. తొట్టి మామూలుగా ఉండి పక్కన గుండ్రం కూడా ఉంటే రెండు దారులూ ఉన్నట్టే, డబ్బు మిగుల్చుకోవచ్చు.

చెమట విషయంలో డ్రై క్లీనింగ్ బకెట్ కన్నా వెనకే. ద్రావకం నూనె, జిడ్డు మరకల్ని బాగా తీస్తుంది, చెమట ఉప్పు నీళ్లకే కరుగుతుంది. పెళ్లిలో తడిసి ముద్దైన షేర్వానీని ఊరికే ఇచ్చేసి వస్తే శుభ్రంగానే కనబడుతుంది, బీరువాలో కొన్నాళ్లున్నాక చంకలో పసుపు మరక తేలుతుంది. ఇచ్చేటప్పుడే ఆ చోటు వేలు పెట్టి చూపించి, చెమట మరక అని చెప్పండి. ముందు దాన్ని తీసి ఆ తర్వాత క్లీనింగ్‌కి వేస్తారు.

కంచి పట్టుచీర మాత్రం మారుమాట లేకుండా డ్రై క్లీనింగే. అంచుదొక రంగు, ఒంటిదొక రంగు. నీళ్లలో పడితే ఎర్రంచు తెల్ల ఒంటి మీదికి దిగుతుంది, మామూలు సబ్బుపొడికి జరీ వన్నె తగ్గుతుంది.

ఆరబెట్టే చతురస్రంలో నిలువు గీత ఉంటే దండెం మీద వేయాలి. రెండు నిలువు గీతలకు పిండకుండా నీళ్లోడుతుండగానే, అడ్డగీతకు పరిచి. పైమూల ఒక ఏటవాలు గీత ఉందంటే నీడలో. ఇక్కడి ఎండకు ఆ గీత లేకపోయినా రంగు బట్టలన్నీ తిరగేసి ఆరేయడమే మంచిది. చతురస్రంలో గుండ్రం ఉంటే డ్రయర్‌లో వేయొచ్చు, ఒక చుక్క తక్కువ వేడికి, రెండు మామూలు వేడికి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానల్లో డ్రయర్ లేనివాళ్లు, గట్టి కాటన్ బట్టలకు స్పిన్ పెంచి ఫ్యాను కింద దూరం దూరంగా వేయాలి. ఒకదాని మీద ఒకటి వేస్తే ముక్కిన వాసన తప్పదు.

ఇస్త్రీ పెట్టెలో ఒక చుక్క సుమారు 110 డిగ్రీలు, రెండు 150, మూడు 200. ఇంట్లో కరెంటు పెట్టెకు డయల్ ఉంటుంది, వీధి చివరి బండిలో బొగ్గుల పెట్టెకు ఏ చుక్కా ఉండదు. కాటన్ చొక్కాలు, పంచెలకు ఆ బరువు, ఆ వేడి చాలా బాగుంటాయి, ఇంటి పెట్టెతో అంత మడత రాదు. జార్జెట్, పాలిస్టర్ లాంటి తక్కువ చుక్కల బట్టల్ని మాత్రం మూటలోంచి తీసి ఇంట్లోనే ఉంచుకోండి. ఇవ్వక తప్పకపోతే విడిగా ఇచ్చి, పైన తడిగుడ్డ వేసి చేయమనండి. పాలిస్టర్ నల్లప్యాంటు తొడ మీద పడే మెరుపు మచ్చ పోగులు కరిగి చదునైతే వచ్చేది, దాన్ని ఏ ఉతుకూ పోగొట్టదు.

చీటీయే లేని బట్టకు లోపలి కుట్టు దగ్గర తడిపి, తెల్ల చేతిరుమాలు అదిమి చూడండి. రుమాలుకు రంగంటితే మొదటి మూడు నాలుగు ఉతుకులు దాన్ని ఒంటరిగా బకెట్లోనే వేయాలి.