గీతా, వంపా? చుక్కలు చూసి తేల్చడం

రెండు కొలతల మధ్య సంబంధం తిన్నని గీతలా ఉందా, వంపులా ఉందా? శ్రీకాకుళం జిల్లా పలాసలో జీడిపిక్కల బరువును అడ్డంగా, వాటినుంచి తీసిన పప్పు బరువును నిలువుగా పెట్టి స్కాటర్ ప్లాట్ (ప్రతి జత కొలతలకూ ఒక చుక్క పెట్టే పటం) వేస్తే చుక్కలు దాదాపు ఒకే తిన్నని గీత వెంట నడుస్తాయి. పిక్కలు రెట్టింపైతే పప్పూ సుమారు రెట్టింపు. వరికి వేసే యూరియా, దిగుబడి తీరు వేరు. మొదట దిగుబడి చురుగ్గా పెరుగుతుంది, తర్వాత మందగిస్తుంది. మోతాదు మించితే చేను పడిపోయి, తెగుళ్లు సోకి గింజ తగ్గుతుంది. ఆ చుక్కలు బోర్లించిన గిన్నెలా వంగుతాయి.

కంటికి తేలకపోతే తేడాలు తీయండి. ఎక్స్ 1 నుంచి 5 వరకు వెళ్తుంటే వై 3, 5, 7, 9, 11 అయితే ప్రతి అడుగుకూ పెంపు 2. ఇది గీత. 1, 4, 9, 16, 25 అయితే పెంపు 3, 5, 7, 9గా మారుతోంది. ఇది వంపు.

ఎక్కువమంది పొరబడేది సహసంబంధ గుణకం దగ్గర. చుక్కలు తిన్నని గీతకు ఎంత దగ్గరగా ఉన్నాయో చెప్పే సంఖ్య ఇది; పెరిగే గీతకు అచ్చంగా సరిపోతే 1. రెండో వరుసకు కూడా అది 0.98! అంత ఉంది కదా అని గీత గీసేస్తారు. దానికి బాగా సరిపడే గీత వై = 6ఎక్స్ − 7. అసలు విలువల్లోంచి గీత చెప్పిన విలువలు తీసేస్తే మిగిలేవి 2, −1, −2, −1, 2. చివర్లలో పైకి, మధ్యలో కిందికి. ఆ క్రమమే వంపుకు సాక్ష్యం. నిజంగా గీతే అయితే మిగుళ్లు ఏ క్రమమూ లేకుండా సున్నాకు అటూ ఇటూ పడతాయి.

చుక్కలు బాగా చెదిరి ఉంటే సంబంధం బలహీనమని అర్థం, వంపు అని కాదు. ఇంకొకటి, యూరియా తక్కువ మోతాదుల చుక్కలే ఉంటే వంపు గీతలాగే కనబడుతుంది. అందుకే మోతాదులు తక్కువ నుంచి ఎక్కువ దాకా అన్నీ ఉండాలి.