75 అంగుళాల ప్యానెల్ మన హైస్కూల్ గదిలో: ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ మొండికేస్తుంది

నల్లగొండ, పాలమూరు వైపు హైస్కూళ్లలో టచ్ ప్యానెల్ ఇప్పుడు కొత్త వస్తువేం కాదు. ఒక బడిలో ప్రార్థన అయినప్పటి నుంచి సాయంత్రం గంట దాకా వెలుగుతూనే ఉంటుంది. ఇంకో బడిలో గుడ్డ కప్పుకొని గోడకు ఊరకే ఉంటుంది. ఈ తేడా కంపెనీ వల్ల వచ్చేది తక్కువ. గది, కరెంటు, పెన్‌డ్రైవ్‌లో ఏముందన్నదాని వల్ల వచ్చేదే ఎక్కువ. అందుకే ఇక్కడ ఏ బ్రాండు పేరూ ఎత్తడం లేదు. ఈ సైజులో బడులకు వచ్చేవన్నీ లోపల దాదాపు ఒకటే: 4కె తెర, అందులోనే ఆండ్రాయిడ్, అంచుల్లో ఇన్‌ఫ్రారెడ్ టచ్, వెనుక విండోస్ కంప్యూటర్ దూర్చుకోవడానికి ఓపీఎస్ అనే అర.

తీర్పు ముందే చెప్పేస్తాం. 45 నిమిషాల పీరియడ్‌లో పది పన్నెండు నిమిషాలు వాడుకునే సారుకు ఇది మంచి సాధనం. పీరియడ్ అంతా వీడియో పెట్టి కూర్చునేవారికి ఖరీదైన టీవీ. నల్లబోర్డు పీకేసి ఆ చోట దీన్ని బిగించడం మాత్రం తప్పు. లెక్క మొదటి మెట్టు నుంచి చివరి మెట్టు దాకా పిల్లల కళ్ల ముందు నిలిచి ఉండాలి. ప్యానెల్ మీద పేజీ తిప్పగానే మొదటి మెట్టు మాయమవుతుంది, వెనుకబడిన పిల్లవాడు అక్కడే ఆగిపోతాడు.

బిగింపు దగ్గరే సగం పని ఉంది. 75 అంగుళాలంటే తెర వెడల్పు సుమారు ఐదున్నర అడుగులు, ఎత్తు మూడడుగుల చిల్లర. కింది అంచు నేల నుంచి మూడున్నర అడుగుల ఎత్తులో ఉంటే ఆరో తరగతి పిల్లకు తెర మధ్య దాకా చెయ్యి అందుతుంది, వెనుక బెంచీకి ముందువాళ్ల తలలు పెద్దగా అడ్డం రావు. కింద బల్ల మీద పెట్టేస్తే తెర అడుగు భాగం ముందు వరుసకు తప్ప ఎవరికీ కనబడదు. వెనుక గోడకు నాలుగంగుళాల ఖాళీ వదలండి, వేడి అటే బయటికి పోవాలి. చాలా ప్యానెళ్ల లేబుల్ మీద 40 డిగ్రీల దాకానే అని రాసి ఉంటుంది, మన దగ్గర ఏప్రిల్‌లో బయట ఎండే ఆ లెక్క దాటుతుంది. రేకుల గదిలో బిగించడం కంటే శ్లాబు గదిలో బిగించి, ఆ పీరియడ్‌కు పిల్లలనే అక్కడికి తీసుకుపోవడం మేలు. దుమ్ముకని కప్పిన గుడ్డను పైన సగం అలాగే వదిలి స్విచ్ వేస్తారు, అది ఇంకా చెడ్డ అలవాటు.

ఇక టచ్. "దానంతట అదే గీతలు గీస్తోంది" అన్న ఫిర్యాదు అన్నిటికంటే ఎక్కువ వస్తుంది, అందులో చాలా వాటికి మెకానిక్ అక్కర్లేదు. చట్రంలో ఒక వైపు సన్నని ఇన్‌ఫ్రారెడ్ దీపాలు, ఎదురు వైపు వాటి వెలుగును పట్టే సెన్సర్లు వరుసగా ఉంటాయి. వేలు ఆ వెలుగుకు అడ్డొస్తే అడ్డుగీత, నిలువుగీత కలిసిన చోట టచ్ అయినట్టు లెక్క. గాజును తాకనక్కర్లేదు, తాకేంత దగ్గరికి ఏం వచ్చినా దానికి వేలే: చీర కొంగు, చున్నీ, చొక్కా చేతి గుండీ, చట్రం మూలన కూర్చున్న ఈగ. పక్కనే నల్లబోర్డు ఉంటే సుద్దపొడి కింది అంచు కాలువలో పేరుకుంటుంది, అప్పుడు కింది వరుసలో టచ్ తప్పుతుంది. రంగులు వేసే ఒక అంగుళం కుంచె పొడిగా ఉన్నది తీసుకొని వారానికోసారి నాలుగంచులూ ఊడ్చండి, తర్వాత మెత్తని పొడి గుడ్డతో తెర తుడవండి. గాజు తుడిచే ద్రవాన్ని నేరుగా తెర మీద కొట్టొద్దు. అది జారి కింది చట్రంలోకి దిగుతుంది, అక్కడే సెన్సర్ బోర్డు ఉంటుంది. నల్లబోర్డుకు తడి డస్టర్ వాడితే పొడి లేచేదే సగం తగ్గుతుంది.

తూర్పు కిటికీ రెండో శత్రువు. ఎండలో కూడా ఇన్‌ఫ్రారెడ్ ఉంటుంది. అది నేరుగా చట్రం మీద పడితే సెన్సర్లు తికమకపడతాయి. మధ్యాహ్నం బాగా పనిచేసే ప్యానెల్ ఒంటిపూట బడుల రోజుల్లో పొద్దున ఎనిమిది, తొమ్మిదింటికి పిచ్చిపట్టినట్టు చేస్తే ముందు కిటికీ చూడండి. మందం గుడ్డ కర్టెన్ చాలు, సర్వీసు వాళ్లను పిలవక్కర్లేదు.

కరెంటు గురించి కొంచెం వివరంగా. యాసంగిలో బోర్లు నడిచే వేళ వోల్టేజి పడిపోయే ఊళ్లలో "తక్కువ వోల్టేజికి కాలిపోతుంది" అని వాడకుండా ఆపేస్తుంటారు. ఈ ప్యానెళ్లు సాధారణంగా 100 నుంచి 240 వోల్టుల దాకా పనిచేసేలా చేసినవే. కరెంటు పోయి తిరిగి వచ్చిన క్షణంలో ఎగిసే వోల్టేజిదే అసలు ప్రమాదం. కరెంటు పోగానే గోడ స్విచ్ ఆపేయాలి, వచ్చాక రెండు నిమిషాలు ఆగి వేయాలి. 600 వీఏ యూపీఎస్ పెడితే వెలుగు తగ్గించి నడిపే ప్యానెల్‌కు పది నిమిషాల దాకా వస్తుంది, పద్ధతిగా ఆపడానికి అది చాలు. దానికే ప్రింటర్ తగిలించొద్దు.

ఎర్తింగు మరీ ముఖ్యం. పాత బిల్డింగుల్లో మూడు రంధ్రాల ప్లగ్గు ఉంటుంది కానీ మూడో దానికి వైరే ఉండదు. మల్టీమీటర్‌తో ఎర్తుకు, న్యూట్రల్‌కు మధ్య చూస్తే 3 వోల్టుల లోపు రావాలి. పదులు చూపిస్తే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్త్ గుంత సరిచేయించాకే ప్యానెల్ ఆన్ చేయండి. వీలైతే ల్యాప్‌టాప్ చార్జర్‌నూ ప్యానెల్‌నూ ఒకే స్విచ్‌బోర్డుకు కలపండి. వేర్వేరు బోర్డుల్లో పెట్టి హెచ్‌డీఎంఐ కేబుల్ గుచ్చేటప్పుడు చేతికి జిల్లుమంటే, ఆ జిల్లు ఏదో ఒక రోజు హెచ్‌డీఎంఐ పోర్టునే తీసుకుపోతుంది.

హెచ్‌డీఎంఐ అంటే గుర్తొచ్చింది. "ల్యాప్‌టాప్ కలిపితే బొమ్మ వస్తుంది కానీ టచ్ పనిచేయదు" అంటారు. హెచ్‌డీఎంఐలో బొమ్మ, శబ్దం మాత్రమే పోతాయి. వేలి కదలిక ల్యాప్‌టాప్‌కు చేరాలంటే ప్యానెల్ మీద టచ్ అని రాసిన చదరపు యూఎస్‌బీ పోర్టు నుంచి ల్యాప్‌టాప్‌కు ఇంకో కేబుల్ వేయాలి. హెచ్‌డీఎంఐ 1 వాడితే టచ్ 1కే, 2 వాడితే 2కే. ఆ కేబుల్ చాలాసార్లు పెట్టెలోనే ఉండిపోతుంది, పెట్టె స్టాక్ రూములో ఉంటుంది.

పాఠం సామగ్రిలో అన్నిటికంటే ఎక్కువ విసిగించేది తెలుగు ఫాంటు. సార్లు చేసుకున్న పాత పీపీటీలు, ప్రశ్నపత్రాలు ఎక్కువగా అను ఫాంట్లలో ఉంటాయి. అవి యూనికోడ్ (ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగు తెలుగుగానే కనబడే పద్ధతి) కావు. లోపల ఉండేవి ఇంగ్లిష్ గుర్తులే, ఫాంటు వాటిని తెలుగులా చూపిస్తుంది. ప్యానెల్ ఆండ్రాయిడ్‌లో ఆ ఫాంటు లేదు కాబట్టి "కాంతి వక్రీభవనం" బదులు అర్థం కాని గుర్తుల వరుస కనబడుతుంది. ఫైలు చెడిపోలేదు. ఫాంటు ఉన్న కంప్యూటర్‌లోనే దాన్ని పీడీఎఫ్‌గా సేవ్ చేసి తెస్తే ఎక్కడైనా సరిగా తెరుచుకుంటుంది. కొత్తగా చేసేవి మాత్రం యూనికోడ్‌లోనే చేయండి. అక్షరం సైజు స్లైడులో 36 పాయింట్లకు తగ్గకూడదు. తెర మీద అది రెండున్నర అంగుళాల ఎత్తు వరుస అవుతుంది. ఇంగ్లిష్‌కు 28 సరిపోవచ్చు, తెలుగులో ఒత్తులు, గుణింతాలు వెనుక బెంచీకి కలిసిపోయి కనబడతాయి. ఒక స్లైడుకు ఐదు వరుసలు దాటితే అది పాఠం కాదు, నోటీసు.

పెన్‌డ్రైవ్ విషయంలో ఒక్కటి. జిరాక్స్ షాపు కంప్యూటర్‌లో పెట్టి తెచ్చాక ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లుగా మారితే ఫైళ్లు పోలేదు, వైరస్ వాటిని దాచింది. దాన్ని ప్యానెల్‌లోని విండోస్‌కు తగిలించకుండా ముందు స్కాన్ చేయించండి. ఫ్యాట్32 అనే ఫార్మాట్‌లో ఉన్న పెన్‌డ్రైవ్ 4 జీబీ మించిన ఒక్క ఫైలును పట్టదు, ఎక్స్‌ఫ్యాట్‌లోకి మార్చుకోవాలి.

నెట్ లేకుండా ఏం నడుస్తుందన్నదే మన దగ్గర అసలు పరీక్ష. అమ్రాబాద్, చందంపేట వైపు సిగ్నల్ మీద ఆశ పెట్టుకొని పాఠం ప్లాన్ చేయలేం. బడి పాఠాల కోసం కేంద్ర ప్రభుత్వం తెచ్చిన దీక్ష యాప్ 2017 నుంచి ఉంది. పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్ స్కాన్ చేసినా, దాని కింది ఆరక్షరాల కోడ్ కొట్టినా ఆ పాఠం సామగ్రి వస్తుంది. ఇంటి దగ్గర నెట్ ఉన్నప్పుడే ఫోన్‌లో డౌన్‌లోడ్ చేసుకోండి. అది యాప్ లోపలే నిల్వ ఉంటుంది, మామూలు వీడియోలా పెన్‌డ్రైవ్‌కు ఎక్కించుకోవచ్చనుకుంటే కుదరదు. బడిలో ప్యానెల్ హాట్‌స్పాట్ ఆన్ చేసి, ఫోన్‌ను దానికే కలిపి, ఫోన్ తెరను ప్యానెల్ మీదికి పంపాలి. దీనికి ఇంటర్నెట్ అక్కర్లేదు, రెండూ ఒకే వైఫైలో ఉంటే చాలు. యాప్‌ను నేరుగా ప్యానెల్‌లోనే వేసుకుందామంటే కొన్నింటిలో ప్లే స్టోర్ ఉండదు, గూగుల్ అనుమతి ఉన్నవాటికే అది వస్తుంది. తెలంగాణ ప్రభుత్వ చదువుల చానెల్ టీ-శాట్ విద్య పాఠాలు టీచర్ ముందు రోజు చూసి తయారవడానికి బాగుంటాయి. తరగతిలో అరగంట పాఠం మొత్తం వేయకుండా కావలసిన నాలుగు నిమిషాలు మాత్రం వేయండి.

మా లెక్కలో ఈ తెరకు పెట్టిన డబ్బు తిరిగి వచ్చేది ఫెట్ (తెర మీదే సైన్స్ ప్రయోగాలు చేసి చూసే సిమ్యులేషన్లు), జియోజీబ్రా (గ్రాఫులు, రేఖాగణిత బొమ్మలు గీసే లెక్కల సాఫ్ట్‌వేర్) దగ్గర. ఫెట్ కొలరాడో విశ్వవిద్యాలయం బౌల్డర్ వాళ్లది, 2002లో మొదలైంది, ఉచితం. హెచ్‌టీఎంఎల్5 సిమ్యులేషన్ ఒక్కోటి ఒక్క ఫైలుగా దిగుతుంది, క్రోమ్‌లో నెట్ లేకుండా తెరుచుకుంటుంది. కొన్నింటికి తెలుగు కూడా ఉంది. పదో తరగతి విద్యుత్ పాఠానికి డీసీ సర్క్యూట్ కిట్ తీసుకోండి. అందులో బ్యాటరీ మొదట 9 వోల్టులు, నిరోధం 10 ఓములు ఉంటుంది. ఒక స్విచ్‌తో వలయం పూర్తి చేసి అమ్మీటర్ పెడితే 0.90 ఆంపియర్లు చూపిస్తుంది. ఇప్పుడు స్విచ్ తెరిచి, అలాంటిదే రెండో నిరోధం శ్రేణిలో కలపండి. స్విచ్ వేయకముందే ప్రతి పిల్లవాడూ పలక మీద జవాబు రాసి పైకెత్తాలి. 1.80 అని రాసినవాళ్లు, 0.90 అని రాసినవాళ్లు, 0.45 అని రాసినవాళ్లు ఎందరో అర నిమిషంలో తెలిసిపోతుంది. 0.90 రాసినవాళ్ల మనసులో బ్యాటరీ ఎప్పుడూ ఒకే కరెంటు ఇస్తుందన్న భావన ఉంది, ఆ రోజు పాఠం వాళ్ల కోసమే. తర్వాతే స్విచ్. సమాంతరంగా కలిపినప్పుడు బ్యాటరీ దగ్గర 1.80 వస్తుంది, మళ్లీ ముందు పలకే. పిల్లల చేత క్లిక్ చేయించే ఖరీదైన పరికరాల కంటే ఈ పలకలు మెరుగు, చార్జింగ్ బాధ లేదు.

ఆ తర్వాత బల్ల మీద నిజమైన సెల్లు, టార్చి బల్బులతో అదే వలయం చేయించండి. లెక్క సరిగ్గా కుదరదు: సెల్లుకు అంతర్నిరోధం ఉంటుంది, బల్బు తీగ వేడెక్కేకొద్దీ నిరోధం పెరుగుతుంది. తెర మీది ఆదర్శ వలయాన్నే నిజమనుకొని ఇంటికిపోయే ప్రమాదం దీంతో తప్పుతుంది.

జియోజీబ్రాలో వర్గ బహుపదికి ఎ, బి, సి స్లైడర్లు పెట్టి ఎ విలువను 3 నుంచి మైనస్ 3 దాకా మెల్లగా జరపండి. సున్నా దగ్గర వక్రం సరళరేఖ అయిపోయే క్షణంలో ఆగి, ఎందుకని అడగండి. చాలామంది సార్లు ఆ సున్నాను గబుక్కున దాటేస్తారు, పాఠమంతా ఉన్నది అక్కడే. జీవశాస్త్రానికి దిగుమతి బొమ్మలెందుకు, ఊడలంటే పిల్లలమర్రి ఫోటో పెద్దది చేసి చూపిస్తే మహబూబ్‌నగర్ పిల్లలకు ఇంకేం చెప్పనక్కర్లేదు.

ప్యానెల్‌తో వచ్చే వైట్‌బోర్డు యాప్ బాగానే ఉంటుంది. రాసింది క్యూఆర్ కోడ్‌తో పంచుకోవచ్చన్న సౌకర్యం మాత్రం నెట్‌వర్క్ లేని చోట పనిచేయదు. పీడీఎఫ్‌గా పెన్‌డ్రైవ్‌లోకి దింపుకోవడమే నమ్మకం. సెట్టింగ్స్‌కు పిన్ పెట్టండి, పిన్‌ను హెచ్‌ఎం గది రిజిస్టరులో రాసి ఉంచండి. ఒక్క సారుకే తెలిస్తే ఆయన బదిలీ అయిన రోజు తిప్పలు మొదలవుతాయి. విండోస్ ఉంటే అప్‌డేట్‌ను బడి వేళల్లో ఆపి ఉంచాలి, మధ్యలో కరెంటు పోతే మళ్లీ తెరుచుకోకపోవచ్చు. ఆపేటప్పుడు షట్‌డౌన్ నొక్కి, దీపం ఎర్రగా మారాకే గోడ స్విచ్ తీయండి.

ఫిర్యాదు చేయాల్సి వస్తే వెనుక స్టిక్కర్ మీది సీరియల్ నంబరు ఫోటో, లోపం కనబడేలా అర నిమిషం వీడియో పంపండి. గాజు పగిలితే సాధారణంగా వారంటీలోకి రాదు.

పూర్వ విద్యార్థులు చందా వేసి కొనిస్తామంటే వాళ్లతో నాలుగు మాటలు ముందే మాట్లాడండి: టచ్ కేబుల్ పెట్టెలో ఉందా, ప్లే స్టోర్ ఉందా, ఇంటికొచ్చి బాగుచేసే వారంటీ ఎన్నేళ్లు, సర్వీసు మనిషి హైదరాబాద్ నుంచి వస్తాడా, నల్లగొండలోనే ఉన్నాడా. విండోస్ ఓపీఎస్, యూపీఎస్ రెండింటికీ డబ్బు చాలకపోతే యూపీఎస్, ఎర్తింగే చేయించమనండి. ఓపీఎస్ అర అలాగే ఉంటుంది, వచ్చే ఏడాది దూర్చుకోవచ్చు.