ప్రహరీ పక్కన ‘గోల్డెన్ బాంబూ’ నాటబోయేవారికి ఒక హెచ్చరిక

కావలి, నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల్లో కొత్తగా ఇల్లు కట్టుకొని, వీధిలోకి కనిపించకుండా ప్రహరీ వెంట త్వరగా పెరిగే మొక్కలు వేయాలనుకుంటున్నవారికి నా అనుభవం చెప్పడం అవసరమనిపించి ఇది రాస్తున్నాను. కావలిలో మా ఇంటి పడమటి గోడ వెంట 2021లో 12 వెదురు మొక్కలు నాటించాను. ఒక్కొక్కటి 350 రూపాయలకు అమ్మిన నర్సరీవారు ఇది గోల్డెన్ బాంబూ అనీ, నాటినచోటే దుబ్బు కట్టుకొని ఉంటుందనీ, పక్కకు పోనే పోదనీ గట్టిగా చెప్పారు. మొన్న సంక్రాంతికి ముందు పక్కింటి పిన్నిగారు పిలిచి చూపిస్తే, వారి తులసికోట చుట్టూ పరిచిన ఇటుకలు రెండు పైకి లేచి, వాటి సందులోంచి తేగలా మొన తేలిన వెదురు పిలక ఒకటి జానెడు ఎత్తున నిలబడి ఉంది. మా వరుసకూ ఆ పిలకకూ మధ్య దూరం 14 అడుగులు, నడుమ గోడ కూడా ఉంది.

చిక్కంతా ఆ పేరులోనే ఉంది. ‘గోల్డెన్ బాంబూ’ అనే ఒకే పేరుతో రెండు వేర్వేరు మొక్కలు చెలామణి అవుతున్నాయి. పసుపు బొంగు మీద ఆకుపచ్చ చారలుండేది బాంబూసా వల్గారిస్‌లో ఒక రకం. దాని భూగర్భ కాండం పొట్టిగా, లావుగా ఉండి, కొత్త బొంగును తల్లి బొంగు పక్కనే లేపుతుంది. రెండవది చైనాకు చెందిన ఫిల్లోస్టాకిస్ ఆరియా. దీని భూగర్భ కాండం వేలెడు లావున, తాడులా పొడవుగా నేలలో పాకుతూ పోతుంది. దాని ప్రతి కణుపు దగ్గరా ఒక మొగ్గ ఉంటుంది కాబట్టి ఎక్కడైనా పిలక లేవవచ్చు. నాకు అంటగట్టింది ఈ రెండవదే.

కొనే ముందు బొంగును చేత్తో తడిమి చూడండి. కొమ్మలు వచ్చే కణుపుకు పైన బొంగు ఒకవైపు గాడిలా లోపలికి నొక్కినట్టుండి, ఆ కణుపున ఒకటి పెద్దది, ఒకటి చిన్నది చొప్పున రెండే కొమ్మలుంటే అది పాకే రకం. ముదురు బొంగుల్లో అడుగు కణుపులు ఒకదానికొకటి దగ్గరగా, వంకరగా కూడా కనిపిస్తాయి. బొంగు నున్నగా గుండ్రంగా ఉండి, ఒక్కో కణుపు నుంచి గుత్తిగా కొమ్మలు వస్తుంటే అది దుబ్బు కట్టే రకం. లేత మొక్కలో ఇవేవీ తేలకపోతే సంచి అడుగు చూడండి. రంధ్రాల్లోంచి కణుపులున్న తెల్లటి కాండం బయటికి వచ్చి ఉంటే దాన్ని ఇంటికి తేవద్దు.

మాది ఇసుక నేల కావడం, గోడను పిల్లర్ల మీద బీము వేసి కట్టడం వల్ల పాకే కాండాలకు అడ్డే లేకపోయింది. గడ్డపారతో తవ్వించగా బీము కింద, తొమ్మిది అంగుళాల లోతులో, పక్కపక్కనే ఐదు కాండాలు గోడ దాటి పోయి ఉన్నాయి. పైన బొంగులు నరికేస్తే చచ్చిపోతుందనుకొని నేను ఒక ఏడాది వృథా చేశాను. నేలలోని కాండంలో నిల్వ ఉన్న బలంతో అది మళ్లీ మళ్లీ లేస్తుంది. పిలక ఆకు వేయకముందే ప్రతిసారీ విరిచేస్తూ పోతేనే, అదీ రెండు మూడేళ్లకు, ఆ బలం తగ్గుతుంది. గ్లైఫోసేట్ అనే కలుపు మందు కొట్టమని సలహా ఇచ్చేవారున్నారు గాని, దాని వాడకాన్ని పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లకే పరిమితం చేస్తూ కేంద్రం 2022 అక్టోబరులో ఉత్తర్వు ఇచ్చింది. పైగా పక్కనే పిన్నిగారి మల్లెపాదు ఉండగా నేను ఆ పనికి ఒప్పుకోలేదు.

ఇప్పటికే నాటుకున్నవారు వరుస చుట్టూ రెండున్నర అడుగుల లోతున కందకం తీసి, ఒకటిన్నర మిల్లీమీటర్ల మందమున్న హెచ్‌డీపీఈ అనే గట్టి ప్లాస్టిక్ షీటును, పై అంచు నేలకు రెండంగుళాలు ఎత్తున ఉండి కొద్దిగా బయటికి వాలేలా దింపించండి. అప్పుడు కాండం దానికి తగిలి పైకి తిరుగుతుంది, కంటికి కనబడుతుంది, కత్తిరించవచ్చు. రాతి పలకలు మాత్రం వద్దు, సందు దొరికితే చాలు దూరిపోతుంది. మనకు వానలు ఎక్కువగా పడేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కాబట్టి, ఆ వానలకు ముందొకసారి, తర్వాతొకసారి అంచు వెంట తప్పక చూడాలి. తవ్వి తీసిన ముక్కలను కాలవ గట్టున పడేయకండి, కణుపున్న ముక్క తడి తగిలితే మళ్లీ బతుకుతుంది. నేను మేడ మీద ఎండలో పూర్తిగా ఎండబెట్టి కాల్చాను.

నర్సరీవారిని అడిగితే నీళ్లు ఎక్కువ పెట్టడం వల్లే పాకిందన్నారు. అది నిజం కాదు. పాకడం ఆ మొక్క స్వభావం. రసీదులో ‘వెదురు 12’ అని మాత్రమే ఉండటంతో నేను గట్టిగా నిలదీయలేకపోయాను. మీరు మాత్రం శాస్త్రీయ నామం, దుబ్బు రకమన్న మాట రెండూ రసీదు మీద రాయించుకోండి. వెదురే కావాలంటే దుబ్బు కట్టే బాంబూసా మల్టిప్లెక్స్ అడగండి, లేదంటే గోరింట కంచె మన ఎండలకు బాగా నిలుస్తుంది.

పిన్నిగారి పెరట్లో ఇంకా మూడు చోట్ల పిలకలు లేస్తున్నాయి. ఇటుకలు నా ఖర్చుతో తిరిగి పరిపించాను, ప్రతి ఆదివారం వెళ్లి పిలకలు తీసి వస్తున్నాను.