బోరు మోటారు లాగే బండి: పాత సామానుతో కట్టించే ముందు చూడాల్సినవి

బోర్లు వేసే పెద్ద రిగ్గులంటే తమిళనాడులోని తిరుచెంగోడు పేరే ముందు వినిపిస్తుంది. అదే బోరులో మోటారు కాలిపోతే పైకి లాగే బండి మాత్రం మన మండల కేంద్రంలోని వెల్డింగు షాపులోనో, ఆటోనగర్‌లోనో పుడుతుంది. కింద పాత జీపు, వెనక టాటా 407 లారీ హౌసింగు (వెనక చక్రాల మధ్య గేర్లు, షాఫ్టులు ఉండే ఇనుప గూడు), మధ్యలో ఇంకేదో బండి గేర్‌బాక్సు, పైన పాత పైపులతో కట్టిన స్తంభం. నల్గొండ, అనంతపురం, కడప వైపు తిరిగే ఈ రకం బళ్ల గురించే ఈ సమీక్ష. ఏ ఒక్క షాపు గురించీ కాదు.

తీర్పు ముందే చెప్పేస్తాం. సరిగ్గా కట్టిన బండి ఈ పనికి చాలా బాగుంటుంది. సందుగొందుల్లో దూరుతుంది, చేలగట్టు మీద వెళ్తుంది, ఏ భాగం పోయినా ఆ రోజే పాత సామాను కొట్లో దొరుకుతుంది. చిక్కల్లా ఒకటే. కట్టేవాళ్లు ఎంతసేపూ లాగే బలం గురించే చెబుతారు. కొనేవాళ్లు అడగాల్సింది పట్టి ఆపే బలం గురించి. మనుషులకు దెబ్బలు తగిలేది బరువు పైకి రానప్పుడు కాదు, సగం దాకా వచ్చిన బరువు జారినప్పుడు.

ముందు బరువు లెక్క చూద్దాం. 500 అడుగుల లోతున 2 అంగుళాల మీడియం జీఐ పైపు మీద మోటారు వేలాడుతోందనుకోండి. పైపే దాదాపు 780 కేజీలు. కింద వాల్వు బాగుంటే పైపులో నీళ్లు అలాగే నిలుస్తాయి, అవి 330 కేజీల దాకా తూగుతాయి. మోటారు, పంపు, కేబులు కలిపి ఇంకో 100. అంటే మొదటి పైపు ఎత్తేటప్పుడు కొక్కెం మీద 1,200 కేజీలు. ఒకటిన్నర అంగుళం పైపైతే 850 దాకా ఉంటుంది. మట్టి కూలి మోటారు ఇరుక్కుంటే ఈ లెక్కలేవీ పనికిరావు, ఇంజిను ఎంత లాగితే అంత బరువూ స్తంభం మీదే పడుతుంది.

ఇంజిను నుంచి వించికి, అంటే తాడు చుట్టి బరువు లాగే యంత్రానికి, తిప్పుడు మూడు దారుల్లో వస్తుంది. అన్నిటికంటే మంచిది పాత ఫోర్‌వీల్ జీపు. దాని ట్రాన్స్‌ఫర్ కేసు (తిప్పుడుని ముందు, వెనక చక్రాలకు పంచే గేర్ల పెట్టె) వెనక పీటీఓ, అంటే తిప్పుడుని బయటి యంత్రానికి ఇచ్చే భాగం, బిగించే చోటు ఉంటుంది. ట్రాన్స్‌ఫర్ న్యూట్రల్‌లో పెట్టి పీటీఓ వేస్తే చక్రాలు కదలవు, గేర్‌బాక్సులోని గేర్లన్నీ వించికి వాడుకోవచ్చు. రివర్సు గేరు కూడా దొరుకుతుంది కాబట్టి దించేటప్పుడు ఇంజిను మీదే నెమ్మదిగా దించవచ్చు. తుక్కులో ఇలాంటి జీపులకు గిరాకీ తగ్గకపోవడానికి ఇదో కారణం. రెండోది, వెనక విడిగా ఒక చిన్న డీజిల్ ఇంజిను, దానికో గేర్‌బాక్సు. బరువు పెరుగుతుంది కానీ చెడిపోయే చోట్లు తక్కువ, బండి ఇంజిను అరగదు. మూడోది, వెనక చక్రాలకు తిప్పుడు తీసుకెళ్లే ప్రొపెల్లర్ షాఫ్టుని ప్రతిసారీ విప్పి వించికి కలపడం. దీన్ని మాత్రం ఒప్పుకోకండి. నాలుగు బోల్టులు రోజూ విప్పి బిగిస్తే ఫ్లాంజి రంధ్రాలు సాగుతాయి, తర్వాత రోడ్డు మీద షాఫ్టు అదురుతుంది.

ఇక అసలు భాగం, వించి. పాత బండి వెనక హౌసింగునే అడ్డంగా పెట్టి, ఒక హబ్బుకి (చక్రం బిగించే చోటుకి) తాడు చుట్టే డ్రమ్ము బిగిస్తారు. చూడటానికి తేలిక పనే. తప్పులు దొర్లేది కూడా ఇక్కడే ఎక్కువ.

డిఫరెన్షియల్‌ని (రెండు చక్రాలూ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే లోపలి గేర్లని) ఉన్నదున్నట్టు వదిలేసి, రెండో హబ్బుని బ్రేకుతో పట్టి ఉంచే పద్ధతి ఒకటి ఉంది. అప్పుడు డ్రమ్ము రెట్టింపు వేగంతో తిరుగుతుంది, లాగే బలం సగానికి పడిపోతుంది. బ్రేకు వదిలితే డ్రమ్ము వదులై బరువు తనంతట తాను దిగుతుంది కాబట్టి కొందరికి ఇది సుఖంగా అనిపిస్తుంది. కానీ లాగుతున్నప్పుడు కూడా బరువంతా ఆ బ్రేకు మీదే ఆధారపడి ఉంటుంది. బ్రేకు లైనర్‌కి కాస్త ఆయిలు తగిలినా పైపు కిందికి పోతుంది. మేం మెచ్చే పద్ధతి వేరు. డిఫరెన్షియల్ లోపలి చిన్న గేర్లను, అంటే స్పైడర్ గేర్లను, వెల్డింగు చేసి లాక్ చేయాలి. ఒక హబ్బు మీద డ్రమ్ము, రెండో హబ్బు మీద బ్రేకు. అప్పుడు హౌసింగులోని పెద్ద పళ్లచక్రం (క్రౌన్), దాన్ని తిప్పే చిన్నది (పినియన్), వీటి పళ్లు విరిగినా, గేరు జారినా, క్లచ్ తొక్కినా బ్రేకు నేరుగా బరువుని పట్టుకుంటుంది. మిగిలే ప్రమాదం హబ్బుని తిప్పే యాక్సిల్ షాఫ్టు విరగడం. అందుకే డ్రమ్ము అంచుకే పళ్లచక్రం కోయించి, దాంట్లో పడే ఒక నాలుక పెట్టించాలి. పైపు విప్పేటప్పుడు ఆ నాలుక వేసే ఉంచాలి.

డ్రమ్ముని యాక్సిల్ షాఫ్టుకి నేరుగా వెల్డింగు చేసే షాపుని వదిలేయండి. షాఫ్టు గట్టిపరచిన ఉక్కు, వెల్డింగు పక్కనే పెళుసెక్కుతుంది. పైకి ఏమీ కనపడదు, కొన్నాళ్లకు వెల్డింగు అంచునే గుండ్రంగా తెగుతుంది. లేతు మీద ఫ్లాంజి తీయించి చక్రం స్టడ్లకే బిగించాలి. జీపు హబ్బైతే ఐదున్నర అంగుళాల వలయం మీద 5 రంధ్రాలు. ఇంకో సంగతి, పాత జీపుల వెనక యాక్సిల్ చాలావరకు సెమీ ఫ్లోటింగ్, అంటే చక్రం బరువు షాఫ్టే మోస్తుంది. దాని మీద అడుగు పొడవు డ్రమ్ము వేలాడదీస్తే షాఫ్టు వంగుతుంది, హబ్బు దగ్గర ఆయిలు కారడం మొదలవుతుంది. డ్రమ్ము రెండో కొసకి ప్లమ్మర్ బ్లాకు బేరింగు (ఫ్రేముకి బిగించే ఆనుడు బేరింగు) తప్పనిసరి. బరువుని షాఫ్టు కాక హౌసింగే మోసే లారీ రకం ఫుల్ ఫ్లోటింగ్ హౌసింగు తీసుకుంటే ఈ బెంగ చాలా తగ్గుతుంది.

బ్రేకు కూడా అలాంటిదే. 1,200 కేజీలు రెండు వరసల తాడు మీద వేలాడితే ఒక్కో వరస మీద 600. 8 అంగుళాల పైపు డ్రమ్ము మీద అది దాదాపు 70 కేజీ మీటర్ల తిప్పుడు. గట్టిగా బ్రేకు కొట్టినప్పుడు జీపు వెనక చక్రం మీద పడేది కూడా ఇంచుమించు అంతే, అంటే మిగులు బలం ఏమీ లేదు. 407 వెనక బ్రేకుకి ఇది తేలిక పని. ముందు చక్రాల బ్రేకు ప్లేటు తెచ్చి వాడుతుంటే అది ఏ వైపు తిరిగితే గట్టిగా పడుతుందో చూడాలి. రెండు షూలూ ఒకే దిశలో కరిచే రకమైతే ఎదురు దిశలో సగం కూడా పట్టదు. బరువు కిందికి లాగే దిశ, షూ కరిచే దిశ ఒకటే కావాలి. ఆయిలు బ్రేకు ఒక్కటే ఉంటే చాలదు, సిలిండరులోంచి మెల్లగా ఒత్తిడి దిగిపోతుంది. చేతి లివరు, ఇనుప కడ్డీతో పనిచేసే పట్టు కూడా ఉండాలి.

హౌసింగుని తలకిందులుగా బిగించడం తరచూ కనిపిస్తుంది. గాలి పోయే రంధ్రం, అంటే బ్రీదరు, కిందికి వచ్చి ఆయిలు కారుతుంది, ఆయిలు మట్టం చూసే బిరడా చోటు మారుతుంది. పైగా డ్రమ్ము తిరిగే దిశ మారుతుంది, ఎత్తడానికి రివర్సు గేరు వాడాల్సి వస్తే ఆ పని పళ్ల రెండో వైపు మీద పడుతుంది. క్రౌన్ పళ్లు ముందుకు తోసేందుకు చేసిన వైపున బలమైనవి, రెండో వైపున అరుస్తాయి, త్వరగా అరుగుతాయి. పినియన్ ముక్కు పైకి నిలబెట్టి బిగిస్తే ఇంకా చేటు, దాని బేరింగుకి ఆయిలే అందదు.

లాగే బలం ఎంతొస్తుందో కూడా కాగితం మీద వేసుకోండి. ఇంజిను 12 కేజీ మీటర్లు ఇస్తుందని, మొదటి గేరు 4 అని అనుకుందాం. విల్లీస్ రకం పాత జీపు హౌసింగులో 43 పళ్ల క్రౌను, 8 పళ్ల పినియను, అంటే 5.38. రాపిడికి 20 శాతం తీసేసినా 8 అంగుళాల డ్రమ్ము మీద తాడులో 1,800 కేజీలు వస్తుంది. ఇంజిను నిమిషానికి 1,000 చుట్లు తిరిగితే రెండు వరసల మీద 20 అడుగుల పైపు 20, 25 సెకండ్లలో పైకొస్తుంది. ఇంతకంటే వేగం అక్కర్లేదు. హౌసింగు పళ్లు తెలియకపోతే స్పైడర్లు లాక్ చేశాక హబ్బుని ఒక చుట్టు తిప్పి, పినియన్ ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టండి.

12 మిల్లీమీటర్ల వైరు రోపు కొత్తది 8 టన్నుల దగ్గర తెగుతుంది. ఐదో వంతే వాడాలన్న నియమం పెట్టుకుంటే 1,600 కేజీలు. ఇంజిను దాన్ని దాటగలదు, అందుకే ఇరుక్కున్న మోటారుని మొదటి గేరులో ఆక్సిలరేటరు తొక్కి లాగకూడదు. జీఐ పైపు 20 అడుగుల చొప్పున విప్పుతారు కాబట్టి 120 అడుగుల తాడు సరిపోతుంది, బోరు లోతుతో పనిలేదు. 300 అడుగుల పాత తాడు చవకగా ఇస్తామంటే వద్దనండి. కొక్కెం పూర్తిగా దిగినా డ్రమ్ము మీద 4, 5 చుట్లు మిగలాలి. తాడు కొసకి మూడు యూ క్లిప్పులు, రెండింటి మధ్య 7 సెంటీమీటర్లు. క్లిప్పు జీను బరువు మోసే తాడు మీద, యూ వంపు తోక మీద ఉండాలి. తిరగేసి బిగిస్తే బరువు మోసే తాడునే నలిపేస్తుంది. హెచ్‌డీపీఈ (ప్లాస్టిక్) పైపు లాగే పని ఎక్కువున్నవాళ్లకు ఈ అమరిక సరిపోదు. దాన్ని విప్పకుండా ఏకంగా లాగాలి కాబట్టి బోరు నోటి మీద పెద్ద చక్రం కావాలి.

స్తంభం 26 అడుగులుండాలి. 20 పైపుకి, మిగతాది క్లాంపుకి, కొక్కానికి, కప్పీకి. చాలామంది మర్చిపోయేది ఏమిటంటే రెండు వరసల కప్పీతో పాటు వించి నుంచి వచ్చే తాడు కూడా స్తంభం తలనే కిందికి లాగుతుంది. తాడులో 1,800 ఉంటే తల మీద 5,400. రెండు కాళ్ల స్తంభమైతే ఒక్కో కాలికి 2,700 పైమాటే. 26 అడుగుల పొడవున 3 అంగుళాల హెవీ పైపు, తిన్నగా ఉంటే, 3.5 టన్నుల దగ్గరే వంగిపోతుంది. 4 అంగుళాలదైతే 8.5 టన్నుల దాకా నిలుస్తుంది. ధరలో తేడా కొంచెమే. మూడంగుళాల పాత పైపు, అందులోనూ మధ్యలో సొట్ట ఉన్నది, ఎంత చవకైనా తీసుకోకూడదు. రెండు కాళ్ల మధ్య అడ్డపట్టీలు రెండు మూడు చోట్ల పెట్టించండి.

కొక్కెం వెనక చక్రాల అవతల వేలాడుతుంది కాబట్టి బరువు కమాన్ల మీద పడకూడదు. వెనక రెండు స్క్రూ జాకీలు నేరుగా స్తంభం పాదం కింద ఉండాలి, చాసిస్ కొసన ఎక్కడో కాదు. నల్లరేగడిలో జాకీ దిగబడుతుంది, అడుగున్నర చదరపు ప్లేటు, దాని కింద చెక్క దిమ్మ బండిలోనే ఉంచుకోవాలి.

కరెంటు తీగల గురించి గట్టిగా చెప్పాలి. పొలాల్లో 11 కేవీ తీగ నేల నుంచి 4.6 మీటర్లు, అంటే 15 అడుగులుంటే చాలని పాత విద్యుత్తు నియమాలే ఒప్పుకుంటాయి. బోరు మీదికే తీగ వచ్చి ఉంటుంది. 26 అడుగుల స్తంభం లేపే ముందు పైకి చూడటం ఒక్కటే చాలదు, లైను ఆపించి తీరాలి.

కాగితాల విషయంలో షాపుల మాట నమ్మొద్దు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలు తయారీదారు ఇచ్చినవాటికి భిన్నంగా మారేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. అనుమతి లేని ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు. ఇంజిను మార్చాలంటే ముందుగా ఆర్టీఓ అనుమతి కావాలి. రెండు చాసిస్‌లు కోసి అతికించిన బండికి ఏ కాగితమూ నిలవదు, చాసిస్ నంబరు ఉన్న చోట గ్యాస్ కటింగు పడిందంటే ఇక ఆ బండి ముట్టుకోవద్దు. ఆర్‌సీ బతికున్న ఒకే బండి చాసిస్ తీసుకుని, వించి, స్తంభం వేరే ఫ్రేము మీద కట్టించి యూ బోల్టులతో బిగించడం మేలు. బోల్టులతో బిగించినంత మాత్రాన అనుమతి అక్కర్లేదని కాదు, కొలతలతో బొమ్మ గీయించి ఆర్టీఓలో ముందే చూపించి కట్టించండి. బీమా కంపెనీకీ రాతపూర్వకంగా చెప్పండి.

బండి తీసుకునే రోజు డబ్బు మొత్తం ఇచ్చేముందు ఒక పరీక్ష పెట్టండి. 200 లీటర్ల డ్రమ్ములు ఆరు నీళ్లతో నింపి కట్టి వేలాడదీస్తే 1,300 కేజీలు. మూడడుగులు ఎత్తి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, నాలుక తీసి, బ్రేకు ఒక్కటే వేసి పది నిమిషాలు వదిలేయండి. వించి డ్రమ్ము అంచు మీద, పక్కనున్న కదలని ఫ్రేము మీద కలిసేలా సుద్దముక్కతో ఒక గీత గీయండి. పది నిమిషాల తర్వాత గీత విడిపోయి కనిపిస్తే లైనర్ మార్చి మళ్లీ పరీక్షించాలి. తర్వాత అదే బరువుని రివర్సు గేరులో దించి, మధ్యలో రెండుసార్లు ఆపి చూడండి. దించేశాక స్తంభం పాదాల దగ్గర వెల్డింగుల మీద రంగు పగిలిందేమో, హబ్బు దగ్గర ఆయిలు తడి ఉందేమో చూడండి. బిల్లు మీద హౌసింగు ఏ బండిదో, తాడు ఎన్ని మిల్లీమీటర్లదో, స్తంభం పైపు ఏ తరగతిదో రాయించుకోండి. రాయనంటే ఆ షాపులో కట్టించకండి.