సైలెన్సర్ విప్పించి కొన్న రంపం మిషన్

నాలుగేళ్ల కింద హన్మకొండల పాత స్టిల్ 381 రంపం మిషన్ బేరానికొస్తే, స్టార్ట్ చేయకముందే సైలెన్సర్ విప్పుమన్న. అమ్మేటాయన మొఖం మాడ్చుకున్నడు. ‘తాడు గుంజి చూడన్నా, కంప్రెషన్ ఎట్లుందో నీకే తెలుస్తది’ అన్నడు. తాడు గట్టిగనే ఉంది, అంటే ఇంజన్ల ఒత్తిడి బాగనే ఉన్నట్టు. కానీ నాకు పిస్టన్ కనపడాలె. సైలెన్సర్ విప్పిన బొక్కలకెల్లి టార్చి కొట్టి చూస్తే పిస్టన్ మీద ఒక్క గీత లేదు, నిగనిగలాడుతున్నది. మారు మాట్లాడకుండ పైసలిచ్చి తెచ్చుకున్న. అప్పటినుంచి అడిగినోళ్లందరికీ ‘పిస్టన్ చూసి కొనుండ్రి, ఇంకేం చూడక్కర్లే’ అని చెప్పుకుంట తిరిగిన.

ఆ మాట ఇప్పుడు సగం వాపస్ తీసుకుంటున్న.

పోయిన ఎండకాలం పరకాల దిక్కు మా బావ ఇంటి దర్వాజలకు యాప మొద్దు కోస్తున్నం. అడ్డం కోత ఎంతసేపు, అర నిమిషం. నిలువున పలక తీసేటప్పుడు మాత్రం మిషన్ పది నిమిషాలు ఫుల్ రేస్ మీదనే ఉండాలె. రెండో పలక అయినంక రేస్ వదిలితే గొంతు దిగలే, కీసుమని అరుస్తనే ఉంది. దగ్గర్ల మెకానిక్‌కు చూపిస్తే ‘కార్బొరేటర్ సెట్టింగే’ అని స్క్రూ తిప్పి పంపిండు. మూడో పలక సగంల పట్టేసింది. తాడు ఇంచు కదలలే. మళ్ల అదే బొక్కలకెల్లి టార్చి కొట్టిన. పిల్లి గీరినట్టు నిలువు గీతలు.

లీటరు పెట్రోలుకు 20 మిల్లీ ఆయిల్ నేనే కొలిచి పోస్త, ఆ తప్పు లేదు. క్రాంక్ సీలు, అంటే ఇంజన్ల తిరిగే ఇరుసు చుట్టు గాలి రాకుండ ఉండే రబ్బరు, ఎండిపోయి గాలి గుంజింది. గాలి ఎక్కువైతే పెట్రోలు తక్కువ, దాంతోపాటు వచ్చే ఆయిల్ తక్కువ. చిన్న రబ్బరు ముక్క పిస్టన్‌ను, సిలిండర్‌ను రెండిటినీ తిన్నది.

ఇప్పుడైతే కొనేముందు పిస్టన్ ఒక్కటే చూడ, మిషన్ వేడెక్కినంక స్లోల పెట్టి అటు ఇటు ఒరగేసి, ముక్కు కిందికి వంచి వింట. గొంతు మారిందా, బేరం బంద్.

నిలువు కోతకని చైన్ పళ్లకు పది డిగ్రీల కోణంల సాన పెట్టినంక పలక నున్నగ వస్తున్నది, మామూలు ముప్పై డిగ్రీలతోని గీరలు గీరలు ఉండె.

మళ్ల కొంటవా అంటే, ఇదే మోడల్ పాతదే కొంట. నాకు ఏడాదికి పది మొద్దులు, అవి కూడ చుట్టాలయే. సామిల్లుదాక ట్రాక్టర్ కిరాయి మిగిలితే చాలు. రోజూ కోసేటోళ్లు దీని జోలికి రాకుండ్రి. 20 అంగుళాల మొద్దు పడితే నాకే ఓపిక పోతది. కొత్త సీళ్లు, కొత్త పిస్టన్ వేయించిన, నడుస్తున్నది. బావకు ఇంక రెండు పలకలు బాకీ.